ఏరువాక పాట పుట్టిన చోటు

కొల్లేటి గట్టున ఏ ఊరిలోనైనా సరే, పెండ్లి ఊరేగింపు వెళ్ళుతున్నప్పుడు బ్యాండుమేళం వారిని "ఏరువాక సాగారో" ఎత్తుకొమ్మని అడిగి చూడండి. వారు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కాగితాలు వెతుక్కోరు. వెంటనే ఎత్తుకొంటారు. పాట మొదలైన మరుక్షణం అరుగు మీద కూర్చున్న ముసలమ్మ వేలితో స్తంభం మీద తాళం వేస్తుంది. తండ్రి చంకనున్న పిల్లవాడు కిందికి దిగి గంతులు వేస్తాడు. ఆ పాటకు డెబ్బై ఏండ్లు దాటినవని గాని, అది ఏ చిత్రంలోనిదో గాని, ఆ పిల్లవాడికి తెలియనక్కర లేదు.

అయితే ఆ ఊరేగింపు నడిచే బాటకు ఇరువైపులా ఏమున్నదో కాస్త పరికించవలసి ఉన్నది. చేపల చెరువు. దాని పక్కన మరొక చేపల చెరువు. మధ్య గట్టు మీద మేత బస్తాలు, మోటారు షెడ్డు, కొబ్బరి మొక్కలు. నాగలి గాని, కాడి గాని, ఎద్దు గాని కనుచూపు మేరలో ఉండవు. నాగలి కట్టే నాటి పాటకు నాగలి లేని చోట జనం చిందు వేస్తున్నారు. ఈ వింతే మమ్మల్ని ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు వెదకడానికి పురికొల్పినది. వెదికిన కొద్దీ ఆ పాట వచ్చిన దారి మేము అనుకొన్నంత సూటిగా లేదని తేలినది.

ముందు మాట సంగతి చూద్దాము. ఏరు అంటే నది అని అందరికీ తెలిసినదే. కాని సేద్యగాండ్ర భాషలో ఏరు అంటే కాడి కట్టిన నాగలి. "ఏరు కట్టినాడా?" అంటే "దున్నడానికి బయలుదేరినాడా?" అని అర్థం. ఏరువాక అనేది దుక్కి మొదలుపెట్టడం. జ్యేష్ఠ శుద్ధ పూర్ణిమనాడు, మృగశిర కార్తెకు అటూ ఇటూగా, రైతులు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, నాగలికి పసుపు కుంకుమలు పెట్టి మొదటి సాలు వేయడం మన ఆచారం. కొన్ని సీమలలో ఊరి బయట గోగునారతో తోరణం కట్టి, చెర్నాకోలలతో దానిని కొట్టి తెంపి, ఎవరికి దొరికినంత నార వారు తీసుకొని పోయేవారు. ఆ నార పశువులకు మంచిదని నమ్మకం.

డెల్టాలో ఈ పండుగకు మరొక అంగం కూడా ఉన్నది. అది కాలువ. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తి అయినవి. ఆ రెండు నదుల నీళ్ళూ రెండు వైపుల నుంచి కాలువలలో వచ్చి ఏలూరులో కలుసుకొంటాయి. ఒకప్పుడు ఆ కాలువల మీద పడవలలోనే బెజవాడ నుంచి రాజమహేంద్రవరం దాకా సరుకూ జనమూ సాగినారు. కాలువకు నీళ్ళు వదిలినారన్న కబురు లాకుల దగ్గర నుంచి వచ్చేదాకా డెల్టా రైతుకు ఏరువాక పున్నమి పంచాంగంలోని ఒక తిథి మాత్రమే. నీరు వచ్చినదా, ఆకుమడి తడుస్తుంది, దమ్ము మొదలవుతుంది, సార్వాకు ఊడ్పులు పడతాయి.

కొల్లేటి దిగువన సంగతి ఇంకా కఠినం. రెండు డెల్టాల నడుమ పళ్ళెములా పరచుకొన్న ఆ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి అది సముద్రాన్ని చేరాలి. వరద వచ్చినప్పుడు సరస్సు ఉబికి చేలను ముంచుతుంది; సార్వా పోతే రైతు దాళ్వా కోసం కనిపెట్టుకొని కూర్చుంటాడు. అందుచేత ఈ సీమలో "నీ కష్టం తీరుతుంది, పద" అని రైతుతో ఎవరైనా అంటే అది ఉత్త మాటగా వినబడదు. అతడు తలెత్తి చెప్పినవాడి ముఖం చూస్తాడు. చెప్పినవాడు ఎవరు? ఎందుకు చెప్పుతున్నాడు?

మన పాటలో ఆ మాట చెప్పినవారు కొసరాజు రాఘవయ్య చౌదరి. 1905లో పుట్టినారు. బాపట్ల దగ్గరి అప్పికట్ల వారి ఊరు. జానపద కవిసార్వభౌముడని లోకం వారిని గౌరవించినది కాని, ఆ బిరుదు కంటె మాకు ముఖ్యంగా తోచేది మరొకటి. 1939లో "రైతుబిడ్డ" చిత్రానికి పాటలు వ్రాసి, అందులో వేషం కూడా వేసి, ఆ పిమ్మట వారు చిత్రసీమలో నిలువలేదు. సొంత ఊరు చేరుకొన్నారు. మళ్ళీ 1954లో "పెద్దమనుషులు" చిత్రంతో గాని వారి పేరు తెర మీద గట్టిగా వినిపించలేదు. మధ్య ఆ పదిహేనేండ్లూ వారు పల్లెలో సేద్యం చేసేవారి మధ్య గడిపినారు. జానపదుల నుడికారం చదివి నేర్చినవారు వేరు, దానిలో మునిగి లేచినవారు వేరు.

ఇక్కడ మన కథలో మొదటి విచిత్రం ఎదురవుతుంది. "రైతుబిడ్డ" తీసినది గూడవల్లి రామబ్రహ్మము. జమీందారీ పీడనను తెర మీద అంత నిర్మొగమాటంగా చూపిన చిత్రం తెలుగులో అంతకు ముందు లేదు. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు అందులో రైతు వేషం కట్టినారు. వెంకటగిరి, బొబ్బిలి జమీందారులకు కోపం వచ్చినది. కొన్ని చోట్ల చిత్రాన్ని ఆడనీయలేదు. ఐతే ఆ చిత్రానికి డబ్బు పెట్టినదెవరు? చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ బహదూర్. ఆయన స్వయంగా జమీందారు! కృష్ణా జిల్లా దివిసీమలో ఆయన ఎస్టేటు. జమీందారీని తిట్టే చిత్రం జమీందారు సొమ్ముతోనే తయారైనది. తరువాత 1940లలో ఆ చల్లపల్లి ఎస్టేటులోనే రైతులు భూమి కోసం ఆందోళన చేసినారు. ఆ రోజులలోని జస్టిసు పార్టీ వర్గాల తగాదాలు ఈ పెట్టుబడి వెనుక ఉన్నవని చెప్పేవారున్నారు; కళాభిమానమని చెప్పేవారున్నారు. రెండూ నిజం కావచ్చునని మా అభిప్రాయం. మనిషి ఒక్క కారణం చేత ఒక్క పని చేసే సందర్భాలు లోకంలో తక్కువ.

ఆ రాజా పెట్టుబడితో నెలకొన్న సంస్థే సారథీ ఫిలింస్. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినది. జమీందారీలు పోయినవి. కాని ఊళ్ళో మోతుబరీ, కరణమూ, కౌలుదారూ ఎక్కడివారక్కడే ఉన్నారు. అందుచేత అదే సంస్థ 1955లో రైతును గూర్చి మళ్ళీ ఒక చిత్రం తీసినది. పేరు "రోజులు మారాయి". నిర్మాత సి.వి.ఆర్. ప్రసాద్. దర్శకుడు తాపీ చాణక్య, అప్పటికి ముప్పై ఏండ్ల యువకుడు. ఆయన తండ్రి తాపీ ధర్మారావు గారు మాటలు వ్రాసినారు. భూస్వామి, కరణం కుమ్మక్కై రైతులను అణచడం, రైతులు ఏకమై నిలవడం కథకు మూలాధారం. పదహారేండ్ల క్రిందట "రైతుబిడ్డ"కు పాటలు కట్టిన కొసరాజే దీనికీ పాట కట్టినారు. సంగీతం మాస్టర్ వేణు, బందరు వారు. పాడినది జిక్కి.

ఆ చిత్రంలో కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. ఈయన పుట్టినది నందివాడ దగ్గరి రామాపురం. అది కొల్లేటికి పడమటి దాపున ఉన్న ఊరు. 1924లో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, రంగస్థలం మీద ఆడవేషాలు వేసి పేరు తెచ్చుకొని, బెజవాడ రైలు స్టేషనులో ఘంటసాల బలరామయ్య గారి కంటబడి చిత్రసీమకు వెళ్ళినారు. తెర మీద ఆయన రైతు బిడ్డ వేషం వేసినారంటే అది తన ఇంటి బట్టే కట్టుకొన్నట్టు. హాస్యపాత్రలో రేలంగి వెంకట్రామయ్య. ఆయన గోదావరి సీమవారు. సినిమాలలో గడించిన డబ్బుతో తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ అనే సినిమాహాలు కట్టించి, 1975లో ఆ ఊళ్ళోనే కన్నుమూసినారు. నవ్వించి సంపాదించిన డబ్బును మళ్ళీ నవ్వేవారి కోసమే వెచ్చించిన మనిషి! తాడేపల్లిగూడెం ధాన్యం బజారులో ఆయనను తలుచుకొని నవ్వుకొనే పెద్దలు ఈనాటికీ కనబడతారు.

ఇక పాట సంగతి. దానిని నాట్యపు పాటగా ఎరిగినవారిలో ఎందరు అందులోని మాటలు పట్టించుకొన్నారు? మేము కూడా చిన్ననాట పట్టించుకోలేదని ఒప్పుకొంటున్నాము. మొదటి చరణంలో అంతా పల్లె వేకువ. విత్తనాల గంప, చద్దిమూట, పొలానికి పోయే దారి. వినేవాడికి హాయిగా ఉంటుంది. పాట నడిచిన కొద్దీ గొంతు మారుతుంది. ఒళ్ళు వంచి పని చేయనివారు, ప్రజాసేవ పేరు చెప్పుకొని బ్రతికేవారు, ఓట్లు దండుకొని రైతును మరచిపోయేవారు, పదవి శాశ్వతమనుకొనేవారు ఒక్కొక్కరే వచ్చి నిలబడతారు. చివరకు వారు కూడా నీ దగ్గరకే రావలసినవారని రైతుకు ధైర్యం చెప్పుతుంది పాట. ఇది చిందు పాటా? ఉపన్యాసమా?

ఈ మాటలు వెలువడిన కాలం ముఖ్యము. 1955 ఫిబ్రవరిలో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు జరిగినవి. ఊరూరా గోడలు రెండు రంగులుగా చీలిపోయినవి. మొత్తం 196 స్థానాలలో కాంగ్రెసు కూటమికి 146 వచ్చినవి. కమ్యూనిస్టులకు నూటికి 31 వంతుల ఓట్లు పడినా దక్కినవి 15 స్థానాలే. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయినారు. ఏప్రిల్ 15న "రోజులు మారాయి" విడుదల అయినది. నడుమ పద్దెనిమిది రోజులు! గెలిచినవారి మెడలో దండలు వాడకముందే, ఓడినవారి గొంతు బొంగురు తీరకముందే, ఓట్లు అడిగి మరచేవారిని గూర్చి ఒక ఆడపిల్ల ఆడుతూ పాడినది. పాట అంతకు ముందే వ్రాసి, చిత్రించినదే గాక మరేమి? కాని హాలులో కూర్చున్న కౌలురైతు ఆ లెక్కలు వేయడు. తన వేలి మీద సిరా గుర్తు పూర్తిగా చెరిగిపోక ముందే ఆ మాట విన్నాడు. ఈల వేసినాడు. కౌలుదారుల హక్కులను గూర్చిన చట్టం ఆంధ్రలో మరుసటి ఏడు, 1956లో వచ్చినది. పాట వల్ల చట్టం వచ్చినదని మేము అనము. ఆ గాలి అటువంటిదని మాత్రం అంటాము.

అదే మాటలను ఒక నాయకుని పాత్ర చేత వేదిక మీద నిలబెట్టి చెప్పించి ఉంటే జనం రెండవసారి చూచేవారా అని మాకు సందేహం. ఇక్కడ బాణీ పని చేసినది. పొలం పాటలలో ముందు పాడేవాడు ఒక మాట అనగానే వెనుక ఉన్నవారు అందుకోవడానికి ఒక పిలుపు ఉంటుంది. అన్నా, మావా, చిన్నమ్మీ వంటిది. ఊపిరి తీసుకోవడానికి అది సందు ఇస్తుంది. పదిమంది గొంతులు ఒకటి కావడానికి అదే గుర్తు. కొసరాజు దానిని పట్టుకొని "చిన్నన్న" అనే పిలుపును ప్రతి వరుస చివరా నిలిపినారు. వేణు ఆ పిలుపు మీద బాణీని ఊపి వదలినారు. ఆ ఊపులో ఎత్తిపొడుపు మాటలు వెన్నలో పెట్టిన మాత్రలాగ దిగిపోయినవి. శ్రోత ముందు చిందు వేసినాడు, తరువాత అర్థం చేసుకొన్నాడు. కొందరు ఇప్పటికీ చేసుకోలేదు. అది వేరే సంగతి.

ఆడినది ఎవరో చెప్పవలసి ఉన్నది. అది రెండవ విచిత్రం. ఆంధ్రదేశపు ఏరువాకను తెర మీద ఆడి చూపినది పల్లెపడుచు కాదు. చెంగల్పట్టులో పుట్టిన ముస్లిం కుటుంబపు అమ్మాయి వహీదా రెహమాన్. ఆమె తండ్రి మద్రాసు రాష్ట్రంలో సర్కారు ఉద్యోగి. బదిలీల మీద కుటుంబం ఊళ్ళు మారేది. ఆమె చదువు కొంత విశాఖపట్నంలో సాగినది. మద్రాసులో తిరుచెందూరు మీనాక్షిసుందరం పిళ్ళై వద్ద భరతనాట్యం నేర్చుకోవాలని ఆమె కోరిక. ముస్లిం పిల్లకు నేర్పడానికి గురువు ముందు సంశయించినారట. జాతకం తెమ్మన్నారట. ఆ ఇంట జాతకాలు వ్రాయించే అలవాటు లేదు. చివరకు పుట్టిన తేదీ తీసుకొని గురువే జాతకం వేసి చూచి, ఒప్పుకొన్నారని ఆమె చెప్పినారు. 1951 ప్రాంతంలో తండ్రి పోయినారు. ఇల్లు గడవడం కష్టమైనది. తండ్రిని ఎరిగిన నిర్మాత ప్రసాద్ గారు ఈ చిత్రంలో ఒక నృత్యానికి ఆమెను అడిగినారు. శాస్త్రీయ నాట్యం అభ్యసించిన కాళ్ళు జానపదపు చిందు వేసినవి. ఆ ఒక్క పాటతో ఊరూరా ఆమె పేరు మారుమ్రోగినది. ఈ చిత్రాన్నే 1956లో "కాలం మారిపోచ్చు" అని తమిళంలో తీసినప్పుడు ఆ నృత్యానికి మళ్ళీ ఆమెనే పిలిచినారు.

ఇక్కడి నుంచి కథ హైదరాబాదుకు మారుతుంది. అయినా ఏలూరు దానిని విడిచిపెట్టదు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు అని ఒక ఊరు. అక్కడ 1908లో ఒక రైతు ఇంట పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు నాగలి పట్టక, నాటకాల పిచ్చితో, 1930లో ఇంట చెప్పకుండా బొంబాయి వెళ్ళినాడు. భారతదేశపు మొదటి టాకీ "ఆలంఆరా"లోనూ, తెలుగు మాటలు వినిపించిన "కాళిదాస్"లోనూ, తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"లోనూ చిన్న వేషాలు వేసినాడు. ఆయనే ఎల్.వి. ప్రసాద్. 1946లో సారథీ వారికే "గృహప్రవేశం" తీసినారు. 1955 జనవరిలో ఆయన దర్శకత్వం వహించిన "మిస్సమ్మ" విడుదల అయినది. మన అక్కినేని, రేలంగి అందులోనూ ఉన్నారు.

ఆ "మిస్సమ్మ"ను హిందీలో తీస్తే ఎలా ఉంటుందో చూడమని ఒక పంపిణీదారు చెప్పగా గురుదత్తు బొంబాయి నుంచి హైదరాబాదుకు కారులో బయలుదేరినారు. వెంట రచయిత అబ్రార్ ఆల్వీ. దారిలో కారు ఒక గేదెను గుద్దుకొన్నదని, బండి బాగయ్యే వరకు హైదరాబాదులో ఆగిపోవలసి వచ్చినదని ఆల్వీ చెప్పినారు. పంపిణీదారు కార్యాలయంలో పొద్దు పోక కూర్చొని ఉండగా వీధిలో గొడవ వినబడినది. ఒక కారును జనం చుట్టుముట్టినారు. "ఎవరు?" అని అడిగితే, "రోజులు మారాయిలో ఒక పాటకు ఆడిన అమ్మాయి, వహీదా రెహమాన్" అన్నారు. పేరు వినగానే గురుదత్తు, "ఉర్దూ మాట్లాడుతుందా?" అని అడిగినారు. పిలిపించి మాట్లాడినారు. పాట రీలు తెప్పించి చూచినారు. "మిస్సమ్మ" ఆయన తీయలేదు. దానిని ఎల్.వి. ప్రసాదే 1957లో "మిస్ మేరీ"గా తీసినారు. ఏలూరు వారి చిత్రం కోసం వచ్చిన మనిషి ఏరువాక పాట తీసుకొని పోయినాడు. 1956లో "సి.ఐ.డి.", 1957లో "ప్యాసా". పేరు మార్చుకొమ్మంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం 1982 సంవత్సరానికి ఎల్.వి. ప్రసాద్, 1990కి నాగేశ్వరరావు, 2021కి వహీదా రెహమాన్ పొందినారు. సోమవరప్పాడు, రామాపురం, చెంగల్పట్టు. గేదె పాలు ఇందులో ఎంతో ఎవరు లెక్క కట్టగలరు?

మనిషి వెంట బాణీ కూడా ప్రయాణం చేసినది. 1960లో రాజ్ ఖోస్లా తీసిన "బొంబాయి కా బాబూ" చిత్రంలో సచిన్‌దేవ్ బర్మన్ ఈ బాణీని తీసుకొన్నారు. మజ్రూహ్ సుల్తాన్‌పురీ మాటలు, ఆశా భోంస్లే గొంతు. మాటలు అన్నీ మారినవి. నాగలి పోయినది, చద్దిమూట పోయినది, ఓట్ల సంగతి అసలే లేదు. బొంబాయి నుంచి వచ్చిన సొగసుకాడిని పిల్ల ఆట పట్టించే పాట అయినది. ఐతే "చిన్నన్న" అనే ఆ తెలుగు పిలుపు మాత్రం హిందీ పాటలో యథాతథంగా నిలిచిపోయినది! ఉత్తరాది శ్రోతలు దాని అర్థం తెలియకనే అరవై ఏండ్లుగా పాడుకొంటున్నారు. ఊపిరి తీసుకోవడానికి పొలంలో పుట్టిన పిలుపును తొలగించడం వారి వల్ల కాలేదు. తీసివేస్తే బాణీ కుంటుతుంది. అనువాదం చేస్తే ఊపు పోతుంది. అందుకని ఉన్నదున్నట్టు ఉంచినారు.

ఈ సందర్భంలో కొవ్వూరును తలచుకోకుండా ఉండలేము. గోదావరి గట్టున ఉన్న ఆ ఊరి కీరవాణి గారు కూర్చిన "నాటు నాటు", చంద్రబోస్ గారి మాటలతో, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారీన్‌స్కీ భవనం ముంగిట 2021లో చిత్రించబడి, 2023 మార్చిలో ఆస్కారు అందుకొన్నది. అదీ ఊరి మోటుదనాన్ని గొప్పగా చెప్పుకొన్న పాటే. దానికి విమానం దొరికినది. ఏరువాక పాటకు దొరికినది గేదె అడ్డువచ్చిన కారు.

ఇక మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. "రోజులు మారాయి" ఊరూరా ఆడుతున్న కాలానికి బెజవాడ రేడియో కేంద్రం ఉన్నది. అది 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. తోటలలోనూ, పంచాయతీ అరుగుల మీదా రేడియోలు మ్రోగుతున్నవి. కాని ఆ రోజులలో సమాచార, ప్రసార శాఖ మంత్రి కేస్కర్ గారికి సినిమా పాటలంటే సరిపడదు. 1952లో ఆయన పదవికి వచ్చినది మొదలు ఆకాశవాణిలో సినిమా సంగీతానికి చోటు కుదించుకొని పోయినది. దేశమంతటా శ్రోతలు ముల్లు తిప్పి రేడియో సిలోను పట్టుకొన్నారు. రైతుకు ఏరువాకను గూర్చి వ్యవసాయాధికారి ప్రసంగం ఆకాశవాణి వినిపించినది. ఏరువాకను గూర్చిన పాట కోసం రైతు సినిమాహాలుకు, గ్రామఫోను ప్లేటుకు, తిరునాళ్ళలో మైకు సెట్టు వాడికి మ్రొక్కవలసి వచ్చినది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైన తరువాత గాని మా తలుపు ఆ పాటలకు బాగా తెరుచుకోలేదు. కేస్కర్ గారి వల్ల శాస్త్రీయ సంగీతానికి ఒరిగిన మేలు చాలా ఉన్నది. దానిని మేము కాదనము. కాని శాస్త్రీయ నాట్యం నేర్చిన అమ్మాయి, పల్లెలో మునిగి తేలిన కవి, బందరు సంగీతజ్ఞుడు కలిసి పండించిన దానిని కూడా తాలు గింజలలో కలిపి చెరిగివేయడం మాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంతకూ కొల్లేటి గట్టున బ్యాండుమేళం ఇంకా వాయిస్తూనే ఉన్నది. ఈ నేలలో నాగలి ఒక్కనాడు మాయం కాలేదు. మునిగే చేను కంటె మునిగి ఉండే చెరువు మేలని లెక్క కుదిరినది. 1970ల నుంచి సహకార సంఘాల పేర చెరువులు వచ్చినవి. తరువాత సంఘాలలోని పేదవాని వాటా డబ్బుగలవాని చేతికి కౌలుకు పోయినది. 1999లో అయిదవ కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, పక్షుల అభయారణ్యమని ప్రకటించినారు. 2006లో యంత్రాలు పెట్టి ఆ హద్దులోని గట్లను తెగగొట్టినారు. గట్లు తెగినప్పుడు కన్నీరు పెట్టినవారిలో చెరువు యజమాని ఉన్నాడు, వానికి నేల కౌలుకు ఇచ్చి ఏడాది తిండిగింజలు తెచ్చుకొనే లంక ఊరి మనిషి కూడా ఉన్నాడు. కొంగలకు సంతోషం కలిగి ఉండవచ్చును. హద్దు ఎక్కడ ఉండాలనే తగాదా నేటికీ తెగలేదు. ప్రతి ఎన్నికకూ ఆ తగాదా లంక గ్రామాల అరుగుల మీదికి వస్తుంది. తీర్చివేస్తామని అన్ని పక్షాలవారూ పడవ ఎక్కి వచ్చి చెప్పిపోతారు.

ఆ అరుగుల మీద ఈ మాట ఎత్తినప్పుడు పెద్దవారు వాదించరు. పాటలో మొదటి చరణం వదిలివేసి, ఓట్లు గుంజేవారి చరణం ఎత్తుకొంటారు. వారి గొంతులో బాణీ కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. చుట్టూ కూర్చున్నవారు "చిన్నన్న" దగ్గరకు రాగానే అందుకొంటారు.